ముగ్గులో గీసిన వాగు

మా సరోజ అత్త పెద్దకర్మ నాడు, భోజనాలయ్యాక చుట్టాలు ఎవరి బస్సు వేళ వాళ్లు చూసుకుంటుంటే, ఆమె పెట్టెలోని చీరలు పంచే పని నా మీద పడింది. నేతచీరలే అన్నీ. కర్పూరం, ఎండు వేపాకు కలిసిన వాసన. అడుగున, బియ్యపు సంచి గుడ్డతో కుట్టిన చేతి తొడుగు ఒకటి దొరికింది. ఒకటే. పదేళ్ల పిల్ల చెయ్యి పడుతుంది. బొటనవేలి దగ్గర కుట్టు వంకరపోయింది. ఏ బొమ్మకు కుట్టిందో పాపం అంది మా మరదలు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ వంకర కుట్టు నాదే. బొమ్మకు కాదు, వయ్యారిభామ మొక్క పీకడానికి కుట్టిన తొడుగు అది. చెబుదామని నోరు తెరిచాను గానీ, అదంతా చెప్పాలంటే మా వాకిలి నుంచి మొదలుపెట్టాలి, వాళ్లకేమో బస్సు తప్పిపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అశ్వారావుపేట దాటి అడవి వైపు పోయే దారిలో మా ఊరు. ఇంటి ముందు రోడ్డు, పెరడు దాటి కాస్త నడిస్తే వాగు. వాగు వెంబడి దిగువకు పోతే మా క్లాసులో చదివే సమ్మక్క వాళ్ల గూడెం, ఆపైన అంతా అడవే. నాయనమ్మ తెల్లవారుతూనే లేచి పేడ కలిపి వాకిట్లో సాన్పు చల్లేది. ఆ పని అయ్యేదాకా ఆమెను ఎవరూ పలకరించకూడదు. పలకరించినా పలికేది కాదు. తడిసిన మట్టి వాసన, పేడ వాసన, పొయ్యి మీద జొన్న గటుక ఉడికే వాసన, ఈ మూడూ కలిస్తేనే మా ఇంట్లో తెల్లవారినట్టు. ఆ పచ్చటి వాకిలి ఆమె సొత్తు. దాని మీద చెప్పులతో నడిచినవాళ్లెవరైనా సరే, మా నాయనతో సహా, కడుపునిండా తిట్లు తినాల్సిందే. ముగ్గు మాత్రం నా వంతు. నేను వేశాక ఆమె వచ్చి చుక్కలు సరిచేసేది, ఒక్క మాట అనకుండా. ఆ మౌనం తిట్ల కన్నా ఎక్కువ కాలేది.

అదే ఇంట్లో మా మేనత్త సరోజ ఉండేది. మామయ్యది రైల్వే ఉద్యోగం, ఒక చోట నిలకడ లేదు. అత్తకు మా ఊరి హైస్కూల్లో సైన్స్ టీచరుగా పోస్టింగ్ వచ్చింది గనుక పుట్టింట్లోనే ఉండి పిల్లలకు పాఠాలు చెప్పేది. పొట్టిగా, గట్టిగా ఉండేది. జడలో పెన్ను దోపుకునేది. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది, ఆ ఊదడం వీధి చివరికి వినిపించేది. ఎవరేం చెప్పినా ఆమె అడిగే మాట ఒకటే. "చూసినవా, విన్నవా?" పాలవాడు నీళ్లు కలుపుతున్నాడని మా అమ్మ అంటే, "చూసినవా వదినా, విన్నవా?" ఫలానా వాళ్ల కోడలు పుట్టింటికి పోయిందని ఎవరైనా వస్తే, "చూసినవా, విన్నవా?" ముచ్చట్లు చెప్పుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఆమె బడి నుంచి రాకముందే లేచి పోయేవాళ్లు. ముచ్చట్ల రుచి చంపేస్తుందని మా నాయనమ్మ బాధ.

ఆ రోజుల్లో రోడ్డు వెడల్పు చేశారు. లారీలు పెరిగాయి. సత్తుపల్లి వైపు నుంచి ధాన్యం బస్తాలు, పశువుల మేత, కంకర, ఏవేవో వచ్చేవి. వాటితోపాటు ఆ మొక్క కూడా వచ్చింది. చామంతి ఆకులాంటి ఆకు, మోకాలి దాకా పెరిగి తల మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి పూలు. ముద్దుగానే ఉండేది. మొదట రోడ్డు పక్కన, తర్వాత మా కల్లంలో. నాయనమ్మ కల్లం శుభ్రం చేస్తూ గడ్డితోపాటు దాన్నీ చేత్తో పీకింది. వారం తిరగకుండా రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా దద్దురెక్కి, గోకి గోకి పుండ్లయ్యాయి. వేపాకు నూరి పట్టించాం, పసుపు పట్టించాం, చివరికి దవాఖానాకు తీసుకుపోయాం. పేడలో చెయ్యి పెట్టొద్దన్నారు. మా నాయనమ్మకు ఆ మాట ఉరిశిక్షలా వినిపించింది. అప్పటి నుంచి సాన్పు మా అమ్మ చల్లేది, నాయనమ్మ అరుగు మీద కూర్చుని చేతులకు గుడ్డలు చుట్టుకుని, అక్కడ పడలేదు ఇక్కడ పడలేదు అని వంకలు పెట్టేది.

అత్త ఆ మొక్కను కాగితంలో చుట్టి తెచ్చి, ఎక్కడెక్కడో పుస్తకాలు తిరగేసి, ఇది మన దేశపు మొక్కే కాదని తేల్చింది. దీన్ని వయ్యారిభామ అంటారని చెప్పింది. "ఒళ్లు గోక్కోవడానికి ఇదేం వయ్యారమే!" అంది నాయనమ్మ. అత్త నవ్వలేదు. "అమ్మా, ఇప్పటికైతే ఇది రోడ్డు పొంటే ఉన్నది. వాగు దిక్కు పోలేదు. అటు పోయిందంటే గూడెపోళ్ల పశువులకు గడ్డి మిగలదు. ఇది మొలిచిన కాడ ఇంకోటి మొలవనియ్యదు, పశువులు దీన్ని ముట్టవు. మనకన్నా దవాఖానా ఉన్నది. వాళ్లకు ఆ వాగు ఒడ్డు తప్ప ఏమున్నది?" అంది. సమ్మక్క నా పక్కన కూర్చుని ఉంది. హాస్టల్లో ఉండేది గానీ సాయంత్రాలు మా ఇంట్లోనే గడిచేవి. ఆ మాట విని తల దించుకుంది. వాళ్లకు నాలుగు ఆవులు, కొన్ని మేకలు. అవి తిరిగేది వాగు రేవు దగ్గరే.

అట్లా మొదలయ్యాయి మా ఆదివారపు నడకలు. వానలు పడిన దగ్గర్నుంచి, మెత్తటి నేలలో మొక్క వేళ్లతో సహా వస్తుంది కనుక, పిల్లలం జట్లుగా విడిపోయి ఒక్కో దారి పట్టుకుని పోయేవాళ్లం. చేతులకు బియ్యపు సంచి తొడుగులు, అవి కూడా మేమే కుట్టుకున్నవి. పూత రాకముందే పీకి పెంటగుంటలో వెయ్యాలి. మొదటి వారమే మగపిల్లల జట్టు ఉత్సాహం కొద్దీ వీధి చివరి రాజ్యలక్ష్మమ్మ గారి చామంతి మడి మొత్తం పీకి పారేసింది. వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి మిరప వేసుకున్నవాళ్లు. "ఏవండీ సరోజ గారూ, సైన్సంటే ఇదేనా అండీ?" అని ఆవిడ వేళ్లాడే చామంతి మొక్కలతో మా వాకిట్లోకి వచ్చింది. అత్త ఆ మొక్కనూ ఈ మొక్కనూ పక్కపక్కన పెట్టి, ఆకు నలిపి మా అందరి చేతా వాసన చూపించింది. చామంతి వాసన వేరు. ఆ తర్వాత మేము ముక్కుతో కూడా వెతికేవాళ్లం.

తిరిగొచ్చాక అసలు పని. నాయనమ్మ వాకిలే మా పటం. ముగ్గుపిండితో నేను రోడ్డు గీసేదాన్ని, సమ్మక్క వాగు గీసేది. ఆమె గీసినట్టు వాగు మలుపులు ఎవరూ గీయలేకపోయేవాళ్లు. మొక్కను కళ్లారా చూసిన చోట చింతగింజ పెట్టాలి. ఉందని ఎవరో చెబితే విన్న చోట గులకరాయి. మొదటిసారి అట్లా పెట్టి, చేతులు దులుపుకుని నిలబడితే, అత్త వాగు వైపు ఖాళీగా ఉన్న చోటు చూపించి అడిగింది.

"ఇక్కడ లేదా, మీరు పోలేదా?"

పోలేదు. ఆకలేసి మధ్యలోనే తిరిగొచ్చాం.

"లేకపోవుడు వేరు, పోకపోవుడు వేరు. పోయి చూసి, లేకుంటే, గింత పసుపు పెట్టుర్రి. పసుపు లేని కాడ నాకు ఏం తెల్వదన్నట్టే."

అట్లా పటంలోకి పసుపు వచ్చింది. మర్నాడు తెల్లవారి సాన్పుతో ఆ పటం తుడిచిపెట్టుకుపోయేది. మళ్లీ ఆదివారం మళ్లీ నడిచి, మళ్లీ గీయాలి. పోయినవారం చూశాం కదా అంటే ఒప్పుకునేది కాదు. మొదట్లో వాకిలంతా పాడుచేస్తున్నారని సణిగిన నాయనమ్మ, కొన్నాళ్లకు అరుగు మీద నుంచి మమ్మల్ని జవాబులు అడగడం మొదలుపెట్టింది. "ఏందే, ఆ చింతచెట్టు మలుపు కాడ పసుపు పెట్టలే? కాళ్లు నొచ్చినయా?" గుడ్డలు చుట్టిన చేత్తో ఆమె చూపించిన చోటికి మేము మళ్లీ పరిగెత్తేవాళ్లం. ఆ వానాకాలమంతా వాగు పొడుగునా పసుపే. దాన్ని చూసుకుని అత్త టీ ఊదుకుంటూ ఉంటే మాకు పరీక్ష పాసైనంత గర్వంగా ఉండేది.

బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు గునుగు పూవు దొరకలేదు. ఎప్పుడూ గునుగు తెచ్చుకునే చేలగట్ల మీదే వయ్యారిభామ కమ్మేసింది. తంగేడు ఉంది, గుమ్మడి పూలున్నాయి, బంతి ఉంది. తెల్లటి వరుసకే పూవు లేదు. ఆడవాళ్లు దిగులుపడుతుంటే అత్తకు ఒక ఆలోచన వచ్చింది. రోడ్డు పక్కన మాకు అందకుండా పూతకొచ్చేసిన మొక్కలు ఇంకా ఉన్నాయి కదా. "ఎట్లనో పీకి పారేసేటిదే. గా పూలు కట్టలు గట్టి పెట్టుకోండ్రి. దాని పీడా పోతది, మన బతుకమ్మా నిండుతది" అంది. తొడుగులు వేసుకుని పిల్లలమే కోసుకొచ్చాం. ఆ ఏటి సద్దుల బతుకమ్మలంత అందమైనవి నేను మళ్లీ చూడలేదు. పసుపు వరుసల మధ్య మల్లెలు పరిచినట్టు తెల్లటి వరుసలు. నెత్తిన పెట్టుకుని, పాటలు పాడుకుంటూ వాగుకు పోయి, చప్పట్లు కొట్టి ఆడి, నీళ్లలో వదిలాం. అవి మెల్లగా దిగువకు సాగిపోతుంటే, పక్కూరి వాళ్లు కూడా వచ్చి ఆ తెల్ల పూవేందని అడిగారు. రాజ్యలక్ష్మమ్మ గారైతే అత్త గడ్డం పట్టుకుని మెచ్చుకుంది.

మళ్లీ వానలు వచ్చాయి. మళ్లీ నడకలు. ఒక ఆదివారం సాయంత్రం సమ్మక్క గూడెం నుంచి వచ్చింది. కాళ్లు కడుక్కుని, వాగు గీసి, గుప్పెట విప్పి, గూడెం రేవు దగ్గర చింతగింజలు పెట్టింది. ఒకటి కాదు, రేవు చుట్టూ. ఆపైన ఇసుక మేట ఉన్న ప్రతి మలుపులోనూ.

"బండి ఏదన్నా వచ్చిందేమో, గడ్డి ఏసుకొని," అంది అత్త.

"మా దిక్కు బండి రాదు టీచర్. బాటే లేదు."

"పశువులు రోడ్డు మీదికొచ్చి మట్టి తొక్కినయేమో."

"రాలే టీచర్. మా నాయినను అడిగిన. మీరు చూసినవా అంటరని, నేనే ఒడ్డు పట్టుకొని నడుసుకుంట వచ్చిన."

అని, సమ్మక్క పసుపు గిన్నె తీసుకుని, వాగుకు ఎగువన పసుపు పెట్టుకుంటూ వచ్చింది. చింతచెట్టు మలుపు దగ్గర పసుపు. రాతిబండ దగ్గర పసుపు. మా ఊరివాళ్లం నీళ్లకు దిగే చోటి దాకా పసుపే. అక్కడి నుంచి దిగువకు చింతగింజలు. మేము బతుకమ్మలు వదిలిన చోటు అది.

అత్త టీ సాసరు కింద పెట్టింది. వంగి, పసుపు వెంట వేలు పోనిచ్చి, మొదటి చింతగింజ దగ్గర ఆపింది. ఆమె మొహం అట్లా అవడం నేనెప్పుడూ చూడలేదు. సమ్మక్క భయపడి, తన తప్పేమో అన్నట్టు, గింజలు ఏరెయ్యబోయింది. అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"తియ్యకు బిడ్డా. నువ్వు పెట్టింది నిజం. విత్తనం నీళ్ల మీద తేలిపోతదని మీకు పాఠం చెప్పిన. నేనే తేలగొట్టిన."

ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. గూడెంలో ఏదో కలుపు మొలిచిందంటే ఎందుకు మొలిచిందని అడిగేవాళ్లు ఆ రోజుల్లో ఎవరున్నారు? ఊరుకుంటే ఊరుకున్నట్టే పోయేది. మా అత్త ఊరుకోలేదు. మర్నాడు బడిలో అన్ని తరగతుల ముందూ సమ్మక్కను నిలబెట్టి, ఈ పిల్ల నా తప్పు కనిపెట్టింది అని చెప్పింది. పిల్లల ముందు తప్పు ఒప్పుకునే టీచర్ని అప్పటిదాకా నేను చూడలేదు. తర్వాత, ఉద్యోగం చేసిన ఇన్నేళ్లలో, ఇంకెక్కడా కూడా చూడలేదు. ఆ మాట కాస్త కోపంగానే రాస్తున్నాను.

బడిలో చెప్పడం తేలికే, ఊళ్లో ఆడవాళ్లకు చెప్పడం అంత తేలిక కాలేదు. సాయంత్రం మా వాకిట్లో, మళ్లీ గీయించిన ముగ్గు చుట్టూ కూర్చోబెట్టి చెబితే, ఒకామె లేచి నిలబడింది. "అంటే ఏందక్కా, మన బతుకమ్మ పోయి వాళ్ల రేవు పాడు జేసిందంటవా? గౌరమ్మను గంత మాట అంటవా?" మిగతావాళ్లూ గొంతు కలిపారు. అప్పుడు అరుగు మీద నుంచి నాయనమ్మ లేచింది. పుండ్లు మానినా తియ్యని చేతుల గుడ్డలు విప్పి, మచ్చలు అందరికీ చూపించింది.

"గౌరమ్మను ఎవరన్నరే? పూలు కోసింది మనం. పేర్చింది మనం. మంచిగున్నదని మురిసింది మనం. నా చేతులకైతే నా కొడుకు మందు తెచ్చిండు. వాళ్ల ఆవులకు ఎవరు తెస్తరు? బతుకమ్మను సాగనంపినం గదా. అది పోయిన తొవ్వెంట మనమూ పోదాం. ఎక్కడ మొలిస్తే అక్కడ పీకుదాం."

తెల్లవారి ఊరి ఆడవాళ్లు వాగు వెంట నడిచారు. అందరూ కాదు, రానివాళ్లూ ఉన్నారు. వచ్చినవాళ్లకు పిల్లలం తొడుగులిచ్చాం, చాలని వాళ్లు చేతులకు పాత చీర ముక్కలు చుట్టుకున్నారు. రాజ్యలక్ష్మమ్మ గారు వాళ్ల పాలేరును పంపకుండా తానే వచ్చింది. ముందు సమ్మక్క, వెనుక అత్త, ఆ వెనుక కర్ర పట్టుకుని నాయనమ్మ. పండగనాడు పాటలతో వచ్చిన వాళ్లే, ఇప్పుడు నడుము వంచి, మలుపు మలుపుకూ ఆగి పీకుతూ పోయారు. రేవు దగ్గర సమ్మక్క నాయన ముత్తయ్య ఎదురొచ్చాడు. అత్త ఆయనకు దండం పెట్టి, ఇది మా వల్ల వచ్చింది అంది. ముత్తయ్య వాళ్ల భాషలో వెనుకున్న వాళ్లకు ఏదో చెప్పాడు. తర్వాత అత్త వైపు తిరిగి, "మా పోరి చెప్పింది టీచరమ్మా. చెప్పేటందుకు ఇంత దూరం వచ్చిన్రు, సాలు. దా, ఏది పీకాల్నో సూపియ్యి" అన్నాడు. గూడెం వాళ్లూ చేతులు కలిపారు. మాకు తాగడానికి అంబలి ఇచ్చారు. నాయనమ్మ ఎక్కడా నీళ్లు ముట్టని మనిషి, ఆ రోజు దోసిలి పట్టి తాగింది.

ఆ ఏటి బతుకమ్మలు పొట్టివి. తంగేడు, గుమ్మడి, అంతే. ఒకటి రెండేళ్లు రేవు దగ్గర చింతగింజలు తగ్గుతూ పెరుగుతూ ఉన్నాయి. తర్వాత నేను ఖమ్మం కాలేజీకి, ఉద్యోగానికి పోయాను. పటం ఎన్నాళ్లు గీశారో, ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

ఇప్పుడు ఆ మొక్క లేని రోడ్డు లేదు. ఊరంతా, బస్టాండు వెనకంతా, పామాయిల్ తోటల గట్లన్నీ అదే. పెద్దకర్మకు వచ్చిన మా తమ్ముడి మనవరాలు నిత్య తన ఫోన్ ఎత్తి ఒక మొక్కను ఫోటో తీస్తే, క్షణంలో దాని పేరు, పుట్టిల్లు అన్నీ చెప్పేసింది ఆ ఫోన్. బడిలో వాళ్ల టీచర్ ఇట్లా ఫోటోలు తీసి ఎక్కడో ఉన్న పెద్ద పటంలోకి పంపమన్నాడట. నాకు ముచ్చటేసింది, అబద్ధమెందుకు. మేము వాకిలంత చేసిన పనిని వీళ్లు దేశమంత చేస్తున్నారు. మా అత్త బతికుంటే ఆ ఫోన్ లాక్కుని రాత్రంతా పడుకునేది కాదు.

ఆ పూటే సమ్మక్క వచ్చింది. నర్సుగా చేసి రిటైరైంది, తెల్లటి జుట్టు ముడేసుకుంది, నడకలో మాత్రం అదే వేగం. తొడుగు చేతికిస్తే వాసన చూసి, కొంగులో దాచుకుని, కాసేపు ఏడ్చింది. తర్వాత నేను అడిగాను, అడగడానికి కాస్త భయంగానే.

"మీ రేవు కాడ ఇప్పుడెట్లున్నది సమ్మక్కా? అది ఉన్నదా, పోయిందా?"

ఆమె కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది.

"నేను చెప్తే ఏం పెట్టుకుంటవే విమలా, గులకరాయేనా? టీచర్ ఒప్పుకుంటదా? వచ్చి చూసుకో."

మర్నాడు పోయాం, నేనూ సమ్మక్కా నిత్యా. ఇప్పుడు గూడేనికి రోడ్డుంది. రోడ్డు పక్కనంతా వయ్యారిభామ. వాగు ఒడ్డుకు దిగేసరికి గడ్డి. మామూలు గడ్డి, మోకాలెత్తు, మధ్యలో గునుగు. మేకలు తిరుగుతున్నాయి. రేవు చుట్టూ, ఆ మలుపు, ఈ మలుపు, ఇసుక మేటల మీద, మేము ముగ్గురం వంగి వంగి వెతికాం. గూడెం ముసలివాళ్లు, పిల్లలు ఇన్నేళ్లుగా ప్రతి వానాకాలం ఒడ్డు పట్టుకుని నడుస్తున్నారట. టీచరమ్మ చెప్పిన పని అంటారట, టీచరమ్మను చూడని పిల్లలు కూడా. నిత్య ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగి విసుక్కుంది.

"అమ్మమ్మా, ఇక్కడ పంపడానికేం లేదు. ఖాళీ."

ఇంటికొచ్చాక, ఇప్పుడు గ్రానైట్ బండలైన ఆ వాకిట్లో కూర్చుని, నిత్య చేత చాక్‌పీసుతో వాగు గీయించాను. మలుపులు సరిగా రాలేదు, నేను సరిచేశాను, ఒక్క మాట అనకుండా. లోపలికి పోయి పసుపు డబ్బా తెచ్చి, గూడెం రేవు దగ్గర చిటికెడు పెట్టాను.